ముసలివాడు ఏమన్నాడు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
పుస్తకాల వాళ్ళు పట్టాలు పరవకముందే
నేను కోఠి వైపు నడిచేవాణ్ణి.
నాకు కావలసినవి పేజీలు కావు.
గోధుమరంగు నాలుక చుట్టుకుని పడుకున్న
నల్లటి ప్లాస్టిక్ ఇటుకలు,
ఏ విదేశీ కంపెనీ గెస్ట్‌హౌసో ఖాళీ చేస్తే
గోనెసంచుల్లో తూకానికొచ్చినవి.

మొదటిది మాత్రం కొన్నది కాదు.
నల్లకుంటలో భిక్షపతి వీడియో లైబ్రరీ,
పెళ్ళి క్యాసెట్ల వెనక ఎవరూ వేలు పెట్టని అర.
"ఏ భాషనో నాకెర్క లేదు సార్,
గానీ ముసలోడు మంచిగ ఏడుస్తడు. కొంటవోండ్రి."
పైసలు తీసుకోలేదు. వాపసు తేనక్కర్లేదన్నాడు.
అయినా రివైండ్ చేసి పెట్టుకోమన్నాడు, అలవాటు కొద్దీ.

అట్ట మీది అక్షరాలు
తలకిందులుగా పేర్చిన కుర్చీల్లా ఉన్నాయి.
నేనే రాశాను వెన్ను మీద, బాల్‌పెన్నుతో:
పడవ ముసలి. మంచు. చివర గుర్రం.
ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి దేశానికీ
నా చేతి పేరే.
ఇద్దరక్కలు, ఒకటే కోటు.
దొంగే గానీ మంచివాడు.
సగంలో తెగింది, అయినా చాలు.

ఉమాదేవి బియ్యం డబ్బా పక్కన ఒక అర ఇచ్చింది.
మూడేళ్ళకి అర, డబ్బాని బయటికి తోసింది.
"ఇన్ని దేశాలు తిరుగుతావు,
రేషన్ షాపు దాకా రావేం?"

రాత్రి పదకొండు దాటాక, కరెంటు ఉంటే,
ముసలివాడు పడవ విప్పేవాడు.
అవతలి ఒడ్డున ఒక ఆడమనిషి.
అతను చేతి తొడుగు తీసి
ఒక్క ముక్క అంటాడు, కళ్ళనిండా నీళ్ళతో.
ఆమె తల అడ్డంగా ఊపుతుంది.
గుర్రం తుమ్ముతుంది. అంతే.

సబ్‌టైటిల్స్ లేవు.
అక్కర్లేదు కూడా. నాకు తెలుసు.
"నన్ను క్షమించు" అన్నాడు.
నలభైసార్లు విన్నాను.
నలభై ఒకటోసారి క్యాసెట్ ఆపి
లుంగీ మార్చి, ఆఖరి బస్సెక్కి
మలక్‌పేటలో తమ్ముడి తలుపు కొట్టాను.
ఆరేళ్ళుగా మాటల్లేవు మాకు.
అదే ముక్క అన్నాను.
వాడు తల అడ్డంగా ఊపాడు.
కాసేపటికి లోపల స్టవ్ వెలిగిన చప్పుడు.

వానాకాలం టేపు అంచుకి బూజు పట్టేది.
ఆ తెలుపుకీ సినిమాలో మంచుకీ
తేడా పోయేది ఒక్కో రాత్రి.
గుజరాతీ గల్లీలో హషమ్ భాయ్
స్పిరిట్‌లో గుడ్డ ముంచి హెడ్ తుడుస్తూ
"ఇంక స్పేర్ రాదు సాబ్. కంపెనీయే పోయింది" అన్నాడు,
బంధువు పోయినట్టే.

డిస్కులొచ్చాయి. సన్నవి, బరువు లేనివి.
వాటికీ పేర్లు పెట్టాను గానీ
వెన్నులు ఇరుకు, అక్షరాలు పట్టలేదు.

మొన్న నా రిటైర్మెంటు రోజు
తమ్ముడి కూతురు సంహిత పొట్లం తెచ్చింది.
"పెదనాన్నా, మీ పడవ ముసలి దొరికాడు."
ఎక్కడో ఎవరో కడిగి, తుడిచి, మాటలు రాయించారట.
చూశాం.
నది అవతల ఒక ఫ్యాక్టరీ ఉంది, ఇన్నాళ్ళూ కనబడనేలేదు.
ముసలివాడు తొడుగు తీశాడు.
అడుగున తెల్లగా మాట పడింది:
"ఉప్పేమైనా మిగిలిందా?"
ఆమె దగ్గర లేదు.
కన్నీళ్ళు ఈదురుగాలికి.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను.
సంహిత రిమోట్ పట్టుకుని అలాగే చూసింది.
తమ్ముడికి ఫోన్ చేశాను, రాత్రని కూడా చూడకుండా.
"ఆ రోజు నిన్ను ఉప్పడిగానట్రా."
కాసేపు అవతల ఏమీ లేదు, టేపు ఖాళీగా తిరుగుతున్నట్టు.
"లేదన్నానుగా అన్నయ్యా.
చక్కెరుంది, టీ పెట్టాను."

అసలు పేరు తెలుగులో ఎలా రాయాలో
సంహిత కాగితం మీద రాసిచ్చింది.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
నల్లకుంటలో ఆ షట్టర్ వెనక
ఇప్పుడు ఫోన్లకి అద్దాలు అతికిస్తున్నారు.
క్యాసెట్ మాత్రం ఉంది, బియ్యం డబ్బా ఉండాల్సిన చోట.
రివైండ్ చేసే ఉంది.