లాండ్రీ గది పట్టిక

మత్తు డాక్టర్ని నేను. మనుషుల మాట ఆపడం నా పని.
తాంపెరేలో ఆ శ్రమ లేదు,
లిఫ్టులో అందరూ ముందే స్పృహ తప్పినట్టుంటారు.

మూడో అంతస్తు ఈల్మరికి చెప్పాను
మంచు గురించి, మా తిబిలిసీ ద్రాక్షల గురించి,
మా మేనత్త కెతెవాన్ మూడు పెళ్ళిళ్ళ గురించి.
"ఊఁ" అన్నాడు,
అదీ ఊపిరి లోపలికి పీలుస్తూ.
ఆయాసమేమోనని గబుక్కున నాడి పట్టుకున్నాను.
నిమిషానికి నూటపది.
చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నెల గడిచింది. ఒక్క మాట లేదు.

ఇవాళ లాండ్రీ గది పట్టికలో
గురువారం, ఏడు గంటలు,
నా పేరు పక్కనే చీమతలంత అక్షరాల్లో అతని పేరు.
దాని కింద:
"రెండో పెళ్ళి ఎందుకు చెడింది?"

ఉతకడానికి ఇంట్లో ఏమీ లేవు.
తెల్లటి దుప్పటి పరిచి
కాఫీ ఒంపాను.