నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు

మా బ్రాడీపేటలో అడ్రసు చెప్పడానికి
రెండంకెలు చాలు.
నాలుగు బై పద్నాలుగు అంటే
ఆటో అతను ఇంకో మాట అడగడు.

కంప్యూటరు జ్ఞాపకాన్ని కూడా
ఇలాగే కట్టారట, లైన్లూ అడ్డరోడ్లూ.
కోట్ల ఇళ్ళు. ఇంటికొక్క దీపం.
వెలుగుతుంటే ఒకటి, ఆరిపోతే సున్నా.
అప్పజెప్పింది అప్పజెప్పినట్టు
అడిగినప్పుడు తిరిగివ్వడమే వాళ్ళ ఉద్యోగం.

చిట్టీ పాడుకున్న డబ్బుతో కొన్నాను.
పెట్టె విడిగా, బోర్డు విడిగా,
పల్లీ చిక్కీ ముక్కల్లా రెండు ర్యామ్ స్టిక్కులు,
అన్నీ అరండల్‌పేటలో, నాగూర్ మీరా షాపులో.
మా తమ్ముడు ప్రేమ్‌దీప్ మేడ మీద రేకుల గదిలో
చాప పరిచి బిగించాడు.
ఒక స్క్రూ మిగిలింది.
అనుమానాలన్నీ ఆ స్క్రూతోనే మొదలు.

మూడో రోజు, సుహాసిని పెళ్ళి ఆల్బం
ఉంగరాల పేజీలో ఉండగా
తెరంతా నీలం.
మూతి ముడుచుకున్న ముఖం ఒకటి,
దాని కింద నాకు కొరుకుడుపడని ఇంగ్లీషు.
ఆపి వేశాను. వచ్చింది.
కేకు కోస్తుంటే మళ్ళీ పోయింది.

విండోస్ మళ్ళీ ఎక్కించాం.
కరెంటోళ్ళని తిట్టాం.
వేడేమోనని పెట్టె మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టాం.
పక్కింటి రత్నమణమ్మగారు నిమ్మకాయ కట్టమంది.
కట్టాను కూడా, ఎవరితో అనకండి.

స్కూటీ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తీసికెళ్తే
నాగూర్ మీరా ఏసీ కింద పది నిమిషాలు చూసి
"మీ ఇంట్లోనే ఏదో ఉంది మేడం" అన్నాడు.
మా ఇంట్లో ఉన్నది మే నెల.

రెండో ఎక్కం ఏ పిల్లాడైనా అప్పజెప్తాడు.
పంతొమ్మిదో ఎక్కం దాకా కూర్చోబెట్టాలి.
రెండు రాత్రులు, ఒక్కో స్టిక్కునీ ఒంటరిగా గుచ్చి
పరీక్ష పెట్టాను.
ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చి రావడం, వెళ్ళి అడగడం.
సున్నా ఇచ్చి రావడం, వెళ్ళి అడగడం.
మొదటిది తెల్లారేదాకా తడబడలేదు.
రెండోది ఒక చుట్టు బాగానే తిరిగింది. ఇంకో చుట్టూ.
మూడున్నరకి, మిర్చి యార్డు వైపు లారీలు పోతూ
గాల్లో ఘాటు తగిలే వేళ,
ఎర్ర గీత.
ఒకటి ఇచ్చాం, సున్నా అంది.
మళ్ళీ ఇచ్చాం. సున్నా.
కోట్ల ఇళ్ళున్న ఊళ్ళో ఒకే ఒక్క గడప.

లేచి, డబ్బాలో ఉన్న స్క్రూకి
సారీ చెప్పాను.

సెల్‌లో తీసిన ఆ గీత చూపిస్తే
నాగూర్ మీరా కాసేపు మాట్లాడలేదు.
తర్వాత కొత్త స్టిక్కిచ్చాడు, టీ తెప్పించాడు.
వారం నుంచి ఆగకుండా నడుస్తోంది.

కానీ నీలం తెర వచ్చిన గంటలు నాకు తెలుసు.
రాని గంటలున్నాయి చూడండి,
అప్పుడు కూడా ఆ గడపకి
ఏదో ఒకటి అప్పజెప్తూనే ఉన్నాను,
అదేది ఇస్తే అది సేవ్ చేస్తూనే ఉన్నాను.

అన్నీ పెద్దవి చేసి చూశాను.
రెండువందల పన్నెండో ఫొటో.
చర్చి మెట్ల మీద పెళ్ళికొడుకు పెదనాన్న,
ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా.
జేబు మీదుగా వెంట్రుకంత గులాబీ గీత.
ఫొటోగ్రాఫర్ యోహానుకి ఫోన్ చేస్తే
కార్డు చెరిపేసి తెనాలిలో ఇంకో పెళ్ళిలో ఉన్నాడు.

పక్కనున్న తెలుపు తీసి
గీత మీద నేనే అద్దాను.
అక్కడ అసలేముందో,
కుట్టో, పెన్ను క్లిప్పో, నాకు తెలీదు.

ఆల్బం తీసుకెళ్ళడానికొచ్చినవాళ్ళు
చాలా బాగుందన్నారు.
పెదనాన్నగారు తన పేజీ దగ్గర ఆగి
జేబు తడుముకున్నారు,
కళ్ళజోడు కోసమో ఏమో.