బండి ఱ

రాత్రి రెండు దాటి పది నిమిషాలు.
ఫోను మోగలే, వణికింది,
నీళ్ల గ్లాసు కింద చిక్కిన తేనెటీగ లెక్క.

హఫీజ్‌పేట. ఆఖరి ఎంఎంటీఎస్ ఎప్పుడో పోయింది.
ఆరువేల రెండువందల పద్నాలుగు రక్తపరీక్షల రిపోర్టులు
వరుసల నిలబడ్డయి, ఒక్కటీ కదలదు.
వెబ్‌సైటు మాత్రం మర్యాదస్తురాలు.
"మీ రిపోర్టు తయారవుతున్నది" అని
గుండ్రంగ తిరుగుకుంట అబద్ధం చెప్తనే ఉన్నది.

మా సర్వర్లు యాడున్నయో నేనెన్నడు చూడలే.
క్లౌడ్ అంటరు. వాన పడని మబ్బు,
గంటకింత అని కిరాయి గుంజే మబ్బు.
అండ్ల మా పనోళ్లు ముగ్గురు:
ఒక్కో కాయితం తీసుకొని, పీడీఎఫ్ చేసి,
మెసేజు కొట్టి, మల్ల వచ్చి నిలబడేటోళ్లు.
ఇయ్యాల నలభై సెకండ్లకోసారి సస్తున్నరు.
క్లౌడ్ లేపుతది. లేస్తరు. సస్తరు.

ముగ్గురిని పది మందిని చేసిన.
మూడు చావులు పది చావులైనయి, అంతే.
ఫర్హానాను లేపి అడిగిన, క్యూ నిండిందా అని.
"నిండలే. మెమొరీ చూడు. ఏదో మింగుతున్నది."

లాగుల ప్రతిసారీ ఆఖరి మాట ఒక్కటే: మొదలైంది.
పదకొండున్నర తర్వాత
"అయిపోయింది" అన్న మాట వెతికినా లేదు.
ఏ పని మొదలైందో నంబరు రాయాలన్న బుద్ధి
ఆర్నెల్ల కింద ఆ కోడు రాసినామెకు లేకపాయె.
తిట్టిన.
ఆమె నేనే.

ఒక్క లైను కలిపి పైకి పంపి
చాయ్ పొంగేలోపు వచ్చి చూస్తే
పది చావులకూ ఒకటే నంబరు.
చిల్కానగర్ బ్రాంచి. వయసు డెబ్బై ఒకటి.
పేరు: గుఱ్ఱం అనసూయమ్మ.

బండి ఱ.

బడి పుస్తకాలు ఎప్పుడో దించేసిన అక్షరం.
మా ఫాంటు చేసినోళ్లూ దించేసిన్రు.
లేని అక్షరాన్ని ఎతుక్కుంట ఎతుక్కుంట
పనోడు పొట్ట ఉబ్బి కూలుతడు;
కూలేముందు, ఎంత నిజాయితో,
చేతిల కాయితం వరుసకు ముందర పెట్టి పోతడు.
తర్వాతోడు అదే తీస్తడు.
ఉప్పల్‌ల ఒక్క బండి ఆగితే
హబ్సిగూడ దాక హారన్లు.

కౌంటర్ల పిలగాడు మొదలు మామూలు ర కొట్టి ఉంటడు.
"అది కాదు బిడ్డా, బండి ఱ" అని ఆమె
కండ్లద్దాలు సవరించుకొని కదలక నిలబడి ఉంటది.
కీబోర్డుల అది యాడున్నదో వాడు ఎతికినంత సేపు
ఆడ కూడ ఆమె వెనక వరుస ఆగే ఉంటది.

ఱ తీసి ర పెడితే ఒక్క సెకను పని.
వేలు బ్యాక్‌స్పేస్ మీదనే ఉన్నది.
మూడు గంటల రాత్రి, అడగకుండ,
ఒకరి ఇంటిపేరు మార్చుడా.
ఆ ఒక్క పనిని పక్కకు పెట్టి
మిగిలిన వరుసను ఇడిసిన.

ఇడిసినంక యాదికొచ్చింది, మెసేజులు ఆపలేదని.
మియాపూర్ నుంచి మలక్‌పేట దాక
ఆరువేల దిండ్ల పక్కన ఒక్కసారే టింగుమన్నది.
దానికి పొద్దుగాల వేరే మీటింగు.

ఱ ఉన్న ఫాంటు దొరికేసరికి
మొదటి రైలు కూత పెట్టింది.
ఆ ఒక్కటి చేత్తో నడిపిన. తెరిచి చూసిన.
అంకెలు చూడలే, అవి నాయి కావు.
పైన పేరు చూసిన,
ఱ, కింద దాని వత్తు, రెండూ ఉన్నయి.

ఆమె మెసేజు మాత్రం
ఏడింటికి పోయేటట్టు పెట్టిన.