పదకొండుంబావు మేక

శుక్రవారం తెల్లారకముందే
నిజ్వా సంతల మేకలు గుండ్రంగ తిరుగుతయి.
కొన్నోడు తాడు పట్టుకొని
సక్కగ మా దవాఖానకే వస్తడు.
"దగ్గుతున్నది చూడు, మోసపోయిన్నా?"
ఆ ప్రశ్నకు మందు లేదు గని
టోకెన్ ఉన్నది.

టోకెన్లు రాసేది నేను.
డాక్టర్ ముఅతసిం సూడాన్ మనిషి.
ఆయన చెయ్యి పడితే ఒంటె కూడ గొణుగుడు ఆపుతది,
గడియారం మాత్రం ఆయన మాట వినది,
ఆయన దాని దిక్కు చూడడు.
ఆయన పొద్దును ముక్కలు కోసి పంచుడు నా కొలువు,
ఒక్కో జీవానికి పదిహేను నిమిషాలు.

పిల్లికి టీకా అంటే పదిహేను సరిపోతది,
అండ్ల పది బుట్టల నుంచి పిల్లిని గుంజుడుకే.
డేగ గోళ్లకు ఇరవై.
డేగకు తొందర లేదు,
తెచ్చిన పిలగానికే ఉన్నది.
కడుపుబ్బిన మేక ముందట
నిమిషాల లెక్క చెప్పెటోడు ఇంకా పుట్టలే.
ఆఖరి సూదికైతే నేను టైమే రాయను,
పొద్దుగూకినంక, బయట కుర్చీలు ఖాళీ అయినంక
రమ్మంట.

కొత్తల గిట్ల లేకుండె.
ఒక్క గడి వదలకుండ నింపుడే తెలివి అనుకున్న.
ఒకనాడు ఎనిమిదిన్నరకు
ఒక గొర్రె కడుపుల పిల్ల అడ్డం తిరిగింది.
ఆ ఆలస్యం తెగిన దండల పూసల తీరు
మాపటిదాక దొర్లుకుంటనే పోయింది.
బహ్లా నుంచి వచ్చిన ముసలాయన
గోడ నీడ జరిగినకొద్ది తనూ జరుక్కుంట
మూడు గంటలు కూసున్నడు,
ఒళ్లె ఎర్ర మేకపిల్ల.
నేను పిలిచేసరికి
దాని మొఖం మీద తన తలగుడ్డ కప్పి ఉన్నది.
ఒక్క మాట అనలే నన్ను.
"ఈ టోకెన్ ఇంకొకరికి పనికొస్తది" అని
నా చేతుల పెట్టి పోయిండు.

ఆ రాత్రి కంప్యూటర్ల ఒక పేరు కొట్టిన.
పదకొండుంబావు.
పేరు: చుక్కి. జాతి: మేక. రంగు: ఎరుపు.
మాలిక్: ఫోన్ ఎత్తడు.

గప్పటి సంది రోజూ పదకొండుంబావుకు
చుక్కి వస్తది,
అంటే రాదు.
దాని జాగల
తాడు మింగిన ఒంటెపిల్ల వస్తది,
పాము కరిచిన కావలికుక్క వస్తది.
ఇంటిపని చేసే నేపాలీ పిల్ల
చున్నీల మూట కట్టుకొని పిల్లికూనను తెస్తది,
మేడం నిద్ర లేచేలోపట తిరిగి పోవాలె.
నా పదిహేను నిమిషాలు
ఆమెకు పదకొండే.

ఒక్కోసారి ఎవ్వరూ రారు.
అప్పుడు డాక్టర్ చేతులు కడుక్కొని
నల్ల చాయ పోసుకుంటడు,
ఓందుర్మాన్‌ల ఉన్న తల్లికి ఫోన్ చేస్తడు.
లైన్ కలిసిందా, అది చుక్కి పుణ్యం.
కలవకుంటే, చాయ చల్లారేదాక
నేను ఎవ్వరినీ లోపలికి పంపను.

మొన్న మేనేజర్ బెన్నీ సార్ కాగితం తెచ్చిండు.
"ఎవరయ్యా ఈ చుక్కి?
నలభై మూడుసార్లు రాయించుకున్నది,
ఒక్కసారీ మొఖం చూపియ్యలే!"
నా నాలుక తడారింది.
లోపలి గదిల నుంచి, మోచేతుల దాక తడితో
డాక్టరే వచ్చిండు.
"అది నా పేషెంటే.
మొండి రోగం. రోజూ చూడాలె."

బెన్నీ సార్ నవ్వలే.
"సరే, రాకుంటే జుర్మానా పడుతది.
రూలు మేకకూ రూలే."

రెండు రియాళ్లు నా జేబులకెల్లి తీసి కట్టిన.
కంప్యూటర్ బుద్ధిగ
చుక్కి పేరు మీదనే రసీదు ఇచ్చింది.
అడుగున సన్నగ అచ్చేసి ఉన్నది,
మళ్లీ రావలసింది:
రేపు, పదకొండుంబావుకు.