బియ్యపుగింజంత

అరండల్‌పేటలో మిరప సీజనంతా
మా కొట్టు షట్టరు సగమే లేస్తుంది.
యార్డు నుంచి గాలి తిరిగిందంటే
ఘాటు ముందు నా ముక్కుకి తెలుస్తుంది,
తర్వాత మిషనుకి.
నేను తుమ్ముతాను.
అద్దానికి తుమ్ము రాదు.
పడ్డ నలుసుని అక్కడే మాడ్చుకుని
మచ్చ చేసుకుంటుంది.

ఇవాళ పేరుపలకలో
'పమిడి' ఊడి చేతికొచ్చింది,
కుడి చివర 'ముక్కల' మాత్రం
ముక్క కాలేదు.
డాక్టరుగారి మనిషి ఆరింటికొస్తాడు.

ఫోన్లో మౌలాలి:
"మూడో అద్దం జోలికెళ్ళకు.
తప్పు పుట్టిన చోటు నుంచి నడుచుకుంటూ రా."

ముందు తుడవడం.
స్పిరిట్లో తడిపిన దూది
ఒకే వైపు, ఒక్కసారి, బరువు లేకుండా.
అంట్లు తోమి తోమి
రుద్దడమే నేర్చిన చెయ్యి ఇది.
దానికి నచ్చజెప్పడమే అసలు రిపేరు.

రెండో అద్దం మొహాన టేపు ముక్క.
దగ్గరికి లాగి ఒక టిక్కు,
దూరం తోసి ఒక టిక్కు.
కిరణం కంటికి కనపడదు,
కాల్చిన చుక్కే దాని వేలిముద్ర.
దూరపు చుక్క బియ్యపుగింజంత పక్కకి జరిగింది.
మొదటి అద్దం వెనక స్క్రూ పావు తిప్పు...
కాదు, ఆ పావులో పావు.
పదిహేడు టేపులు ముంజేతి మీద అంటించుకున్నా,
ఏదో గాయానికి కట్టు కట్టినట్టు.

ఐదున్నరకి చుక్క మీద చుక్క కూర్చుంది.
మూత వేసి మీట నొక్కితే
'ముక్కల' తేనెపట్టు జాలీ మీద టప్పున రాలింది,
అంచున పొగమరక కూడా లేకుండా.

వచ్చినతను సంచీలో వేసుకుని
"ఇంతసేపా?" అన్నాడు.
సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది.
మిషనుకి వీపు పెట్టి
మోచేతి మడతలో తుమ్మాను.