పేరు చెప్పు

మగ్రిబ్ అజాఁ ముగిసినాక
మా యక్క గొంతులోకి ఇంకెవురో దిగేవాళ్ళు.
పలమనేరు సంతవీధి, పరుపుల కొట్టు వెనకిల్లు.
పొద్దన్నుంచీ ఏకిన దూది గాలిలో ఇంకా తేల్తా వుండంగానే
ఇమాంబీ పండ్లు బిగుసుకునేవి,
కండ్లు పైకి పోయేవి.
తాగే నోరు లేక గడ్డకట్టిన పాలు
రైక మీద మరకలు.

చింతతోపులో జుట్టు విరబోసుకోని నడిచిందన్నారు.
నలభై దినాలు నిండకుండా గడప దాటిందన్నారు.
"దూదేకులోళ్ళకి నమాజు సరిగ్గా వొస్తే గదా!"
ఇది మా మేనత్త మొగుడు, కువైట్ నుంచి, ఫోన్లో.

హజరత్ వొచ్చినాడు.
పింగాణీ పళ్ళెంలో కుంకుమపువ్వు సిరాతో రాసి
కడిగి తాపించినాడు.
లోబాన్ పొగకి తనే దగ్గుతా గద్దించినాడు:
"యెవురు నువ్వు? పేరు చెప్పు!"
దూదిమూట లోపల్నుంచి వొచ్చినట్టు
చిన్నగా వొచ్చింది జవాబు:
"యూనుస్."

మా ఇంట్లో ఆ పేరు లేదు, మా వీధిలోనూ లేదు.
గట్టి జిన్ను అన్నాడు హజరత్.
మూడు గురువారాలు దర్గాలో పండుకోబెట్టినాం.
గొలుసు తెస్తానన్నాడు మా చిన్నాయన.
ముజావరు దస్తగిరి సాహెబు ఒప్పుకోలా.
"కట్టేస్తే చచ్చేది మనిషిరా, గాలి కాదు."

చిత్తూరు పెద్దాసుపత్రిలో డాక్టరు
కత్తెర తెప్పించి తాయెత్తు తెంచినాడు.
"ఈ కాలంలో కూడా ఇవేందయ్యా?" అన్నాడు, నాతో.
అక్క ఆడనే వుండాది.
తెగిన నల్లదారం గుప్పిట్లో పెట్టుకోని బస్సెక్కింది.
మొగిలి ఘాట్లో, కిటికీలోంచి,
మాత్రలు ఒక్కొక్కటే పారేసింది.
నేను చూసినాను. ఆపలా.

తిరుపతికి పొమ్మన్నది మళ్ళీ ముజావరే.
డాక్టరు హంసవేణి. ఇంత బొట్టు.
అక్క బురఖా ఇంకా దగ్గరికి లాక్కునింది.
ఆమె కొత్త తాయెత్తు వైపు చూసింది, ముట్టుకోలా.
"ఆయనొచ్చినప్పుడు యేమంటాడు?"
"ఆకలంటాడు."
ఫ్యాను టకటకా కొట్టుకుంటాండాది.
"బిడ్డ యెన్ని దినాలుండాడు?"
"ఆరు."
ఏడో దినం అఖీఖా. పెరట్లో రెండు పొటేళ్ళు,
వాటికి మేత కూడా నేనే వేసినాను.
"యే పేరు పెట్టాలనుకున్నావు తల్లీ?"

నేను తలకాయ వొంచుకున్నాను.
రెండు నెల్లుగా అడిగినోళ్ళందరికీ
చెప్తానే వుండాది మా యక్క.

రంజాను నెల. ఒక మాత్ర ఇఫ్తారు అయినాక,
ఒకటి సహ్రీలో. తెలుగులోనే రాసిచ్చింది.
"నిద్ర చెడితే రోజా సంగతి మీ పెద్దాయన్నే అడగండి,
నేను చెప్తే బాగుండదు."
దస్తగిరి సాహెబు చీటీ చదివి కండ్లకద్దుకున్నాడు.
"రోగమొచ్చినోళ్ళకి సడలింపు ఇచ్చింది అల్లానే గదా.
బిస్మిల్లా అని వేసుకో బిడ్డా."

జిన్ను పోయిందా అని అడుగుతారు అంగడికొచ్చినోళ్ళు.
జిన్నులు లేవనడానికి నేనెవుర్ని?
తాయెత్తూ మాత్రలూ ఒకే వక్కాకు డబ్బాలో వుంటాయి.
కొన్ని మగ్రిబులకి అక్క ఇంకా గోడవైపు తిరుక్కుంటుంది.

నిన్న మిగులుదూదితో కుట్టింది, మూరెడు దిండు.
గంగవరం నుంచొచ్చిన ఒకామె బేరమాడింది.
"అది అమ్మేది కాదు పో!" అని అరిచింది అక్క.
ఆమె వినకుంటే కయ్యానికే దిగింది.
బేరం పోయింది. నాకు నవ్వొచ్చింది:
ఆ నోరు మా యక్కదే.