బురద అడగని ఏడు

ఆ ఏడు వాన విడువలే.
మిర్యాలగూడ పొలాలల్ల మంద పెట్టినం,
రాత్రికి ఇన్ని వడ్లని మాట.
మోకాటి లోతు బురద. మూడో నాటికే
గిట్టల నడుమ తెల్లగ నాని, చీమువట్టి
నూట ఎనభై గొర్లు
దండం పెడుతున్నట్టు ముంగాళ్ళ మీద మోకరిల్లి మేసినయి.
మైలుతుత్తం నీళ్ళల్ల ఒక్కొక్కదాన్ని దించుకుంట
నాయిన ఒక్కదాని కాడ ఆగిండు.

చుక్కబొల్లి.
దాని గిట్ట ఎండకాలపు రాయి లెక్కనే ఉన్నది.
మల్ల చూసిండు. బొటనవేలితో నొక్కిండు.
"నీకెవలు నేర్పిండ్రే ఇది?" అన్నడు.

ఎవలు నేర్పలే.
దాని తల్లి కుంటింది. తండ్రి పొట్టేలూ కుంటింది.
వాళ్ళు రాసిచ్చిన చీటీల
ఎక్కడనో ఒక్క అక్షరం జారింది, గంతే.
జారిన అక్షరాలు శానా మటుకు కీడే చేస్తయి,
లేకుంటే ఊకనే పడి ఉంటయి.
ఇదొక్కటి గిట్టను కాపాడింది.

మంచిది గద, నిలుస్తది అనుకున్న నేను.

మొదటి ఈత పొట్టేలుపిల్ల.
దానికా గిట్ట వచ్చిందో లేదో చూసేటోళ్ళెవలు?
సంతల బేరగాడు నడుము పట్టి చూసిండు,
పండ్లు చూసిండు,
కాళ్ళు చూడలే.
ఆ ఆదివారమే ఎవలింట్లనో కూరయింది.

రెండో ఈత ఆడది. నాయిన కుశాలు పడ్డడు.
కానీ తల్లి ఇచ్చేది సగమే,
ఏ సగమో తల్లికీ తెల్వదు.
ఒకదిక్కు అరగదీసిన చింతగింజ ఎగరేసినట్టు:
తెలుపు పడితే గిట్ట, నలుపు పడితే కుంటు.
నలుపు పడ్డది.
వానలకు అది మోకాళ్ళ మీదికొచ్చింది.

మూడో ఈత ఈనిన తొమ్మిదో నాడు
దేవరకొండ రోడ్డు మీద, తెల్లారగట్ల,
ఇసుక లారీ.
కాలు బాగున్నది గద, మందకు ముంగట అదే నడిచేది.
లారీకి ముందు దొరికేది ముంగట నడిచేదే.

పిల్ల మిగిలింది. మేకపాలు తాపి సాదినం.
ఏడాది జీతం కింద దాన్ని పెంటయ్య అడిగిండు.
పెంటయ్యంటే,
అన్నలు ముగ్గురు పురిట్లనే పోతే
నాలుగోవాన్ని పెంటకుప్ప మీద పండవెట్టి
చేటెడు తవుడుకు కొనుక్కున్నట్టు జేసి
చావు కన్నుగప్పి దక్కించుకున్న పిల్లగాడు.
పిల్లను భుజాల మీదేసుకొని
కల్వకుర్తి దిక్కు నడిచిపోయిండు.

మా మందల ఇయ్యాల సగం బూడిద చెవులయే.
"ఏం జాతి ఇది? పాలెక్కువ ఇస్తదా?" అని అడుగుతరు.
ఏం లేదు.
కరువేడు నాయిన దొడ్డి తలుపు కాడివి
దొరికినయి దొరికినట్టు అమ్మిండు.
బూడిద చెవులవి ఆ మూలకు పండుకొని ఉండె.
మిగిలినయి పదకొండు.
కరువు ఏరదు, చేతికందింది పట్టుకపోతది.

ఒక్కటే ఉన్నప్పుడు
లారీ, సంత, చింతగింజ, అన్నీ దాని మీదికే.
నలభై అయినంక ఒకటి పోయినా మంద నడుస్తది.
నలభై దాకా ఎట్ల పోవాల్నో
ఎంత మంచి గిట్టకైనా తెల్వదు.

మొన్నొక పెండ్లికి పోయి, పెంటయ్యను ఎతుక్కుంట
వెల్దండ దాటిన.
వాని గడ్డం నెరిసింది. రెండొందల మంద.
"నాయిన ఇచ్చిన పిల్ల ఏమాయెరా?"
"ఈనిందన్నా, అయిదారు ఈతలు.
అమ్మినయి అమ్మిన, సచ్చినయి సచ్చినయి.
దాని వంగడం ఉంటె ఇండ్లనే ఉంటది,
ఏదో నేనెట్ల చెప్త?"

వంగి చూసిన. ఒక్కొక్క గిట్ట పట్టి చూసిన.
రెండేండ్ల సంది ఆ దిక్కు సరిగ చినుకు లేదు.
బురద లేదు.
ఒక్కటీ కుంటుత లేదు.

పెంటయ్య మబ్బు దిక్కు చూసి
"ఈసారన్న పడుతదంటవా?" అన్నడు.
మంద ఇంటి దారి పట్టింది.
దుమ్ముల పడ్డ జాడలు
అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి.